అంచుకు చేరని బొట్లు

నవంబరు 4

షాపు రోజు లెక్క ఎప్పటి పుస్తకంలో రాసేశాను. ఇందులో లెక్కలు ఉండవు.

పాప ఇంటికొచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆసుపత్రి గాజుపెట్టెలోనే ఉంది. ఎప్పుడు చూసినా నోరు తెరుచుకుని ఉంటుందని నర్సులు పిచ్చుక అని పిలిచేవారు. మాకూ అదే అలవాటైంది. కారులో మా అమ్మాయి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని దారంతా బొమ్మలా కూర్చుంది. నేను ముందు సీట్లో ఉండి, గుంత వచ్చిన ప్రతిచోటా డ్రైవరు భుజం తట్టాను. దిగేటప్పుడు అతను, "పెద్దాయనా, పాపకు రాసే మందేదో నా భుజానికీ కాస్త రాయండి" అన్నాడు. అమ్మాయి నవ్వింది. చాలా రోజులకు.

ముందు గదిలో సామానంతా తీసేశాం. ఉయ్యాల మంచం, తూకం యంత్రం, చల్లటి పొగ వదిలే యంత్రం, అంతే. మా అక్క గోడలు రెండుసార్లు కడిగింది. "ఇక ఈ గదిలోకి చీమ రావాలన్నా నన్నడిగే రావాలి" అంది.

నవంబరు 6

పిచ్చుక చర్మం ఉల్లిపొర లాంటిది. మెరుస్తుంది. మెడ కింద, మోచేతి మడతలో, కాలివేళ్ళ మధ్య పగుళ్ళు. ఒంట్లో నీరు ఆ చర్మంలోంచి గాలిలోకి పోతూనే ఉంటుందట. చెమట కాదు, కంటికి కనపడదు. అందుకే పగలూ రాత్రీ లేపనం రాస్తూ ఉండాలి, తడిగుడ్డ చుట్టాలి, పొగ యంత్రం ఆడుతూ గదిలో తేమ నిలపాలి. చలి తగలకూడదు. రోజూ తూకం వేయాలి. తూకం తగ్గిందంటే నీరు పోయినట్టు.

ఈ చలికాలం గట్టెక్కిస్తే ఆశ ఉంటుందని డాక్టరమ్మ చెప్పారు. ఇలాంటి పిల్లల్లో కొందరికి నెలలు గడిచేకొద్దీ చర్మం తనంతట తానే మందమవుతుందట. కొందరికి అవదట. ఆ రెండో మాట అమ్మాయి వినలేదు. నేను విన్నాను.

నా బతుకంతా లీకులతోనే గడిచింది. రేడియేటరును తొట్టిలో ముంచి గాలి పెడితే, బుడగ ఎక్కడ లేస్తే అక్కడ వేలు పెట్టి చూపిస్తాను. ఈ పిల్లలో ఎక్కడని వేలు పెట్టను.

రాత్రిళ్ళు అమ్మాయి చూస్తుంది. పొద్దున అక్క. మధ్యాహ్నం నేను షాపు నుంచి భోజనానికి వచ్చినప్పుడు కాసేపు నా వంతు. అప్పుడు అమ్మాయి పక్కగదిలో నడుం వాలుస్తుంది. అక్క పెరట్లో గుడ్డలు ఉతుకుతుంది. అల్లుడిది దూరం లారీ, నెలకు రెండుసార్లు వస్తాడు.

నవంబరు 9

ఆసుపత్రిలో చూపించి తెచ్చాం. డాక్టరమ్మ తన గదిలోకి పిలిచి కంప్యూటరులో బొమ్మలు చూపించారు. "మీరూ రండి తాతగారూ, అక్కడే నిలబడిపోయారేం" అన్నారు.

చూసింది మరిచిపోకుండా రాసుకుంటున్నాను.

మొదటిది మామూలు బిడ్డ చర్మం. తెర మీద గదులు గదులుగా కణాలు. వాటిలో ఒక ప్రొటీన్‌ పచ్చగా మెరిసేలా చేశారు. మొదట అది కణమంతటా కలిసిపోయి ఉంది, నీళ్ళలో పాలచుక్క కలిసినట్టు. "ఇప్పుడు పక్క కణం వచ్చి తగులుతుంది, చూడండి" అన్నారు. తగిలింది. కాసేపటికి ఆ పచ్చదనం బొట్లుబొట్లుగా విడిపోయింది, నీళ్ళ మీద నూనెలా. బొట్టూ బొట్టూ కలిసి పెద్దవయ్యాయి. ఆ బొట్లు అంచుకు చేరి, అంచు పొడుగునా పరుచుకుని గీత అయ్యాయి. పక్క కణంలోనూ అంతే. రెండు గీతలూ ఒకదానికొకటి ఆనుకున్నాయి.

"ఆ బొట్టు ఊరికే ఏర్పడదు. అతుకు వేయడానికి కావాల్సిన మిగతా సరుకంతా అందులోకే వచ్చి చేరుతుంది. విడివిడిగా తిరుగుతుంటే పని జరగదు. గుమిగూడాలి, తర్వాత పరుచుకోవాలి. అప్పుడు సందు మూసుకుంటుంది, నీరు పోదు" అన్నారు.

"మరి మా పాపవి?" అంది అమ్మాయి.

పిచ్చుక ఒంటి నుంచి తీసి పెంచిన కణాలు రెండో బొమ్మలో ఉన్నాయి. వాటిలోనూ బొట్లు వచ్చాయి. కాని వచ్చిన చోటే నిలబడిపోయాయి. గుండ్రంగా, పూసల్లా. అంచుల్లో గీత లేదు. నల్లటి సందులు.

"బొట్లు గట్టిగా ఉన్నాయి. జారడం లేదు, పరుచుకోవడం లేదు" అన్నారు డాక్టరమ్మ.

నేను నలుగురిలో నోరు తెరవను. ఎందుకో తెరిచాను. "టంకం కూడా అంతేనండీ. సెగ చాలకపోతే ముత్యంలా నిలబడిపోతుంది. అతుకు మీద కూర్చుంటుంది గాని సందులోకి దిగదు" అన్నాను.

ఆమె కుర్చీ నా వైపు తిప్పారు. "సరిగ్గా అదే! ఎంత బాగా చెప్పారండీ! రేపట్నుంచి మా విద్యార్థులకు ఇదే చెబుతాను." ఇంకేదో అనబోతుంటే ఫోను వచ్చింది. లేచి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక అక్క, "ఏమందిరా ఆవిడ?" అని అడిగింది. సరిగ్గా అదే అన్నారని చెప్పాను. "ఏది?" అంది. చెప్పడం చేతకాలేదు.

నవంబరు 10

పక్కషాపు బ్యాటరీ ఆయనకు చెప్పాను. "అయితే బోర్డు మార్చెయ్‌ పెద్దన్నా! రేడియేటర్లకూ చంటిపిల్లలకూ ఇచ్చట లీకులు మూయబడును" అన్నాడు. నేనూ నవ్వాను.

పొద్దు గూకేదాకా అదే మాట తిరుగుతోంది. సరిగ్గా అదే. ఇన్నేళ్ళలో నా మాటకు అలా అన్నవాళ్ళు లేరు.

నవంబరు 13

క్రితం వారం చేసిన లారీ రేడియేటరు తిరిగి వచ్చింది. అతుకు దగ్గర కారుతోంది. గ్యాసు అయిపోతూ మంట సన్నగిల్లిన రోజున వేసిన అతుకది. విప్పి చూస్తే టంకం పూసలా నిలిచి ఉంది. తుడిచి, తడి ఆరబెట్టి, టంకం పట్టడానికి నవాసారం రాసి మళ్ళీ సెగ పెట్టాను. కళ్ళెదుటే కరిగి సందులోకి పరుగెత్తింది. తొట్టిలో ముంచితే ఒక్క బుడగ లేదు.

తడి ఉంటే అతుకు నిలవదు. ముందు తడి ఆరాలి, తర్వాత సెగ. ఇది నాకెవరూ చెప్పలేదు. చిన్నప్పుడు మేస్త్రి షెడ్డు బయట నిలబడి, అతని చేతులు చూసి నేర్చుకున్నాను. అడిగితే తరిమేవాడు. అడిగి నేర్చుకున్న పని నాకు ఒక్కటీ లేదు.

నవంబరు 14

పిచ్చుక తూకం కొంచెం పెరిగింది. అమ్మాయి అల్లుడికి ఫోను చేసి పెద్దగొంతుతో చెప్పింది. అక్క గిన్నె మీద గరిటెతో వాయించింది.

ఇంట్లో అంతా తడి. గుడ్డలు తడి, గాలి తడి, గోడలు తడి.

నవంబరు 16

షాపులో వానాకాలం అతుకులు ఆరబెట్టే చిన్న కాయిల్‌ హీటరు ఉంది. సంచిలో పెట్టుకుని తెచ్చాను. మధ్యాహ్నం అమ్మాయి పడుకున్నాక ఉయ్యాలకు కాస్త ఎడంగా పెట్టాను. పొగ యంత్రం ఆపాను, కాసేపే. చలి తగలకూడదని వాళ్ళే చెప్పారు.

పిచ్చుక నా వేలు పట్టుకుంది. ఒంటికి రాసిన లేపనం కరిగి నిగనిగలాడింది. పగుళ్ళలోకి దిగుతుంటే చూశాను. పడుకుంది. ఏడవలేదు.

అమ్మాయి లేచేలోపు యంత్రం మళ్ళీ వేసి హీటరు సంచిలో పెట్టేశాను. ఆమెకు చెబితే కంగారు పడుతుంది. నాలుగు రోజులు పోయాక ఫలితం చూపించి చెప్పొచ్చు.

నవంబరు 17

ఈరోజు కూడా. బాగా నిద్రపోయింది.

నవంబరు 18

ఈరోజు కూడా. అరచేతులు వెచ్చగా ఉన్నాయి. ఒళ్ళు బిగుతుగా, నున్నగా ఉంది. సందులు మూసుకుంటున్నట్టే ఉంది.

బ్యాటరీ ఆయన, "ఏంటి పెద్దన్నా, మొహం వెలిగిపోతోంది. చార్జింగు పెట్టావా?" అన్నాడు.

నవంబరు 19

ఈరోజు కూడా. ఏడుపు తగ్గింది. నెమ్మదించింది.

నవంబరు 20

అమ్మాయి తూకం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. "నాన్నా, నిన్న తగ్గింది. ఇవాళ ఇంకా తగ్గింది. ఇలా చూడు."

"యంత్రం తేడా అయ్యుంటుంది" అన్నాను.

షాపు నుంచి తూకంరాయి తెచ్చి పెట్టి చూశాను. యంత్రం సరిగ్గానే చూపించింది. రాయి అరిగి ఉండొచ్చని అమ్మాయితో అన్నాను. నమ్మింది. చిన్నప్పటి నుంచీ నేను చెప్పింది నమ్ముతుంది.

రాయి నిజంగా అరిగితే యంత్రం తూకం తక్కువ చూపించాలి. చూపించలేదు. అది ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో తెలియదు.

నవంబరు 21

సెగ చాలడం లేదేమో. సగం సెగ అసలు సెగ లేకపోవడం కంటే చెడ్డది, టంకం మధ్యలో బిగుసుకుంటుంది. ఇంకాస్త దగ్గరగా జరిపాను. కొంచెం ఎక్కువసేపు ఉంచాను.

పాలు సగం కక్కింది. నాలుక ఎండినట్టుంది. అక్క, "ఇదేంట్రా, పిల్ల పిలిస్తే పలకడం లేదు" అంది. నిద్రమత్తు అన్నాను.

నవంబరు 22

పొద్దున్నే పిచ్చుక కళ్ళు పైకి తిరిగాయి. చేతులు కొట్టుకున్నాయి. అమ్మాయి కేక వీధి చివరి దాకా వినపడింది. బ్యాటరీ ఆయన స్కూటరు అడ్డం పెట్టి కారు ఆపాడు.

ఒంట్లో నీరు ఇంకిపోయి రక్తంలో ఉప్పు విపరీతంగా పెరిగిందట. అందుకే ఫిట్స్‌. మళ్ళీ గాజుపెట్టె. తలలో సూది గుచ్చారు, చేతుల్లో నరం దొరక్క.

డాక్టరమ్మ అడిగారు. "లేపనం మానారా? తేమ యంత్రం ఆగిందా? గదిలో హీటరు, కుంపటి లాంటిది ఏమైనా పెట్టారా?"

"లేదు డాక్టర్‌. ఒట్టు. యంత్రం ఒక్క నిమిషం కూడా ఆపలేదు. రాత్రంతా నేనే ఉంటాను" అంది అమ్మాయి.

డాక్టరమ్మ మా అందరి వైపూ చూశారు. నేను గోడ మీద గడియారం చూస్తున్నాను. నన్ను విడిగా అడగలేదు.

నవంబరు 23

షాపు తీయలేదు.

నవంబరు 25

హీటరు షాపుకు తీసుకెళ్ళి అటక మీద పెట్టాను. అది షాపులో ఉండాల్సిన వస్తువే.

నవంబరు 26

అల్లుడు వచ్చాడు. లారీ ఎక్కడో వదిలేసి రెండు బస్సులు మారి వచ్చాడట. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నాం.

"పగలు నిద్రపోయేదానివా?" అని అడిగాడు అమ్మాయిని.

"పోయేదాన్ని. రాత్రంతా మేలుకుని పగలు కూడా మేలుకోవడానికి నేనేమైనా మిషనునా?"

"అదే, ఎప్పుడైనా గుడ్డ ఆరిపోయిందేమో, చూసుకోలేదేమో అని..."

"అను. నోరారా అను. నిద్రపోయి పిల్లను చంపుకుంటోందని అను." తర్వాత గొంతు తగ్గించింది. "నిద్రపోకుండా ఉండాల్సింది. ఒకరోజు లేపనం ఆలస్యమైంది. నాకు తెలుసు. అదే అయ్యుంటుంది."

అక్క అల్లుడి మీద లేచింది. "చాల్లే అబ్బాయ్‌. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. నువ్వు ఒక్కరాత్రి ఆ గదిలో కూర్చుని అప్పుడు మాట్లాడు." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వేంరా? కన్నకూతుర్ని అంతేసి మాటలంటుంటే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావు!"

"ఏం చెప్పను" అన్నాను.

అది అబద్ధం కాదు.

నవంబరు 28

చెబితే ఏం మారుతుంది. పోయిన నీరు వెనక్కి రాదు. డాక్టర్లు చేసేది ఎలాగూ చేస్తున్నారు. అమ్మాయి నన్ను చూసి ఇంకా కుమిలిపోవడం తప్ప.

నిజానికి హీటరు వల్లే అని ఎవరు చెప్పగలరు. పిల్లది పుట్టుకతో వచ్చిన జబ్బు.

నవంబరు 29

అమ్మాయి నిద్రపోవడం మానేసింది. కుర్చీలో తూలితే చెంప మీద తనే కొట్టుకుంటోంది. అక్క చేతులు పట్టుకుని ఆపింది.

చెబితే ఏం మారుతుంది.

నవంబరు 30

షాపు తీశాను. ఒక రేడియేటరు వచ్చింది. బర్నరు వెలిగించి ఆర్పేశాను. చేయి బాగాలేదని చెప్పి పంపేశాను.

డిసెంబరు 2

డాక్టరమ్మ అందర్నీ గదిలో కూర్చోబెట్టారు. మెల్లగా మాట్లాడారు. మంచి మనిషి. అందుకే వినడం మరీ కష్టమైంది.

"పగుళ్ళలోంచి క్రిములు రక్తంలోకి వెళ్ళాయి. ఊపిరి అందకపోతే గొంతులో గొట్టం వేసి యంత్రం మీద పెట్టాలి. పెట్టాలా వద్దా అన్నది మీరు ఆలోచించుకోవాలి. నాకు అనిపిస్తున్నది చెబుతాను. ఇంట్లో మీరు ఇంత జాగ్రత్తగా చూసుకున్నా అంత నీరు పోయిందంటే, చర్మం మెరుగుపడటం లేదు. రోజురోజుకీ ఓడిపోతోంది. యంత్రం పెట్టి ఇప్పటికి నిలబెట్టినా, మళ్ళీ ఇంటికి వెళ్ళగలిగే బిడ్డ అని నేను చెప్పలేను. నొప్పి తెలియకుండా చూసుకోవడం, అంతవరకే చేయడం, అదీ ఒక దారి."

"ఇంత జాగ్రత్తగా చూసుకున్నా" అంది అమ్మాయి. మళ్ళీ అంది, అవే మాటలు.

అల్లుడు తల వంచుకుని, "ఇంక సూదులు పొడిపించొద్దులే" అన్నాడు. "చిన్న ప్రాణం. చాలు."

రేపు చెబుతామని అమ్మాయి లేచింది. ఏం చెబుతుందో ఆమె నడకలోనే తెలిసింది.

రోజూ కూడికలు వేసేవాణ్ణి. డాక్టరమ్మ లెక్కలో ఒక అంకె తప్పు పడింది. ఆ అంకె నా దగ్గర ఉంది. అది చేరిస్తే మొత్తం మారిపోతుంది.

చెబితే ఏం మారుతుంది అని మూడుచోట్ల రాశాను ఇక్కడ. పేజీలు వెనక్కి తిప్పి చూసుకున్నాను. రెండే చోట్ల.

డిసెంబరు 3

అదే గది. అవే కుర్చీలు. అమ్మాయి నోరు తెరవబోయింది.

"హీటరు పెట్టాను" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. "ఎక్కడ మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"పిచ్చుక దగ్గర. మధ్యాహ్నాలు. తేమ యంత్రం ఆపేసి."

డాక్టరమ్మ కాగితం దగ్గరకు లాక్కుని అడిగారు. ఎంత దూరంలో, ఎంతసేపు, ఏ రోజు మొదలు. చెప్పాను. తప్పుల్లేకుండా చెప్పాను, అది ఒక్కటే చేతనైంది. ఆమె రాస్తూ పోయి ఒకచోట కలం ఆపారు.

"ఎందుకండీ?"

"బొట్లు జారతాయని."

ఆమె కళ్ళద్దాలు తీశారు. "నేనే అన్నాను కదా" అన్నారు. "సరిగ్గా అదే అని."

"అన్నారు."

"అది... చూడ్డానికి అలా ఉందన్నానండీ. ఆ బొట్లు గట్టిపడింది చలికి కాదు. ఆ ప్రొటీన్‌ తయారవడంలోనే తేడా ఉంది. మీరు ఎంత సెగ పెట్టినా..." పూర్తి చేయలేదు. "ఒక్కమాట నన్ను అడిగి ఉంటే."

అడగలేదు.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని అమ్మాయి వైపు తిరిగారు. గొంతు వేరేగా ఉంది. "వినండమ్మా. నిన్న నేను చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నీరు పోయింది చర్మం ఓడిపోయి కాదు. చర్మం ఎలా ఉందో మనకింకా తెలియదు. మీ జవాబు నాకిప్పుడు వద్దు. అవసరమైతే యంత్రం మీద పెడతాను. సరేనా?"

అమ్మాయి తల ఊపింది. అప్పుడు నా వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను.

"నేను నిద్రపోతున్నప్పుడా?"

"ఊఁ."

"పక్కగదిలోనే ఉన్నాను కదా నాన్నా. లేపితే లేచేదాన్ని కదా."

అల్లుడు లేచిన ఊపుకు కుర్చీ పడిపోయింది. బయటికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు అమ్మాయి భుజం మీద చెయ్యి వేశాడు. మా అక్క వంగి ఆ కుర్చీ ఎత్తి నిలబెట్టింది.

డిసెంబరు 4

షాపులో పడుకుంటున్నాను. నేనే వచ్చేశాను. ఎవరూ పొమ్మనలేదు, ఉండమనలేదు.

డిసెంబరు 6

పిచ్చుకను యంత్రం మీద పెట్టారు. అక్క వచ్చి చెప్పి, టిఫిను డబ్బా బల్ల మీద పెట్టింది. "తిను. తినకుండా చస్తే ఆ చాకిరీ కూడా నా నెత్తినే పడుతుంది" అంది.

డిసెంబరు 7

అలాగే ఉంది.

డిసెంబరు 8

అలాగే ఉంది. బ్యాటరీ ఆయన రెండు కప్పులు టీ తెచ్చి, ఏమీ అడగకుండా నా పక్కన కూర్చుని తాగి వెళ్ళాడు. ఎవరు చెప్పారో.

డిసెంబరు 13

గొట్టం తీశారు. తనంతట తాను ఊపిరి తీసుకుంటోంది.

డిసెంబరు 21

డాక్టరమ్మ వరండాలో కనపడి ఆగారు. చర్మం మీద చిన్న పరికరం ఆనించి ఎంత నీరు పోతోందో కొలుస్తున్నారట. పుట్టినప్పటికంటే తగ్గిందట. "మెల్లగా మందమవుతోందండీ. ఆ దారి వేరు. బొట్లు అలాగే ఉన్నాయి, వాటి పైన ఇంకో పొర కడుతోంది ఒళ్ళు. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు" అన్నారు.

నేను లేకపోయినా అది కట్టుకునేది. నేను లేకపోతేనే.

"ఫిట్స్‌ వల్ల మెదడులో ఒకచోట దెబ్బ తగిలింది. చెవులా, నడకా, ఏది ఎంతవరకని ఇప్పుడే చెప్పలేను. మీ అమ్మాయికి చెప్పాను. మీకూ చెప్పాలనిపించింది" అన్నారు. ఆమె ఇంకేదో అడగమన్నట్టు కాసేపు నిలబడ్డారు.

"నయమవుతుందా?" అని అడిగాను. అడగడం వచ్చింది, ఆలస్యంగా.

"తెలియదండీ" అన్నారు.

జనవరి 5

పిచ్చుకను ఇంటికి తెచ్చారు. నేను వీధి అవతల నిలబడి చూశాను. గుడ్డల మధ్య నోరు ఒక్కటే కనపడింది, తెరుచుకుని.

జనవరి 9

అక్కకు మందులు ఇద్దామని గుమ్మం దాకా వెళ్ళాను. అమ్మాయి తలుపు తీసింది. "అక్కడ పెట్టండి" అంది. పెట్టాను. "మీరు భోజనం చేశారా?" అని అడిగింది. చేశానన్నాను. కొత్తవాళ్ళను అడిగినట్టు అడిగింది, మర్యాదగా. కోపంగా ఉంటే బాగుండును.

జనవరి 12

ఏమీ లేదు.

జనవరి 18

అక్క లేపనం తేవడానికి ఆసుపత్రికి వెళ్ళింది. అల్లుడు దారిలో ఉన్నాడు. నేను కూరగాయల సంచి గుమ్మంలో పెట్టి వెనక్కి తిరుగుతున్నాను. లోపల పిచ్చుక గొంతు చించుకుంటోంది. అమ్మాయి తలుపు దగ్గరకొచ్చింది. రెండు చేతులూ మోచేతుల దాకా లేపనం. జుట్టు మొహం మీద పడి ఉంది, తోసుకోలేకపోతోంది.

ఆ గుడ్డ చుట్టడం ఇద్దరి పని. ఒకరు కాళ్ళు ఎత్తి పట్టుకోవాలి, ఇంకొకరు కింద నుంచి చుట్టాలి. ఒక్కరే చేస్తే పరుపుకు ఒరుసుకుని తోలు లేస్తుంది.

నా వైపు చాలాసేపు చూసింది.

"చేతులు కడుక్కుని రండి."

సబ్బుతో కడుక్కుని వెళ్ళాను. గుమ్మంలోనే ఆపింది. తన మణికట్టు వెనక వైపు నా అరచేతికి ఆనించి చూసింది, పాలు వేడి తగ్గాయో లేదో చూసినట్టు.

"ఇంకాసేపు నీళ్ళ కింద పెట్టండి."

పెట్టాను. వేళ్ళు మొద్దుబారేదాకా పెట్టాను. మళ్ళీ ఆనించి చూసి, పక్కకు తప్పుకుంది.

"మడమల దగ్గర పట్టుకోండి. ఎత్తి ఊరికే పట్టుకోండి, అంతే. ఇంకేం చేయొద్దు."

పట్టుకున్నాను. పిచ్చుక ఏడుపు ఆపింది. బరువు లేదు. మడమలు ఇంకా ఉల్లిపొరలాగే ఉన్నాయి గాని, వేలికింద జారలేదు. అమ్మాయి తొడ దగ్గర మొదలుపెట్టి చుట్టుకుంటూ వస్తోంది. గుడ్డ కొస అందుకోబోతే మోచెయ్యి తగిలి, బల్ల మీది స్టీలు పళ్ళెం కింద పడింది. గది అంతా మోగింది. నేను ఉలిక్కిపడ్డాను. అమ్మాయి ఉలిక్కిపడింది.

పిచ్చుక మాత్రం కదలకుండా ఇంటికప్పు వైపు చూస్తూనే ఉంది.

అమ్మాయి చేతులు ఆగాయి. పళ్ళెం తిరుగుతూ తిరుగుతూ ఆగింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. కాసేపటికి ఆమె మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది, ఇందాకటికంటే మెల్లగా. ఆమె కన్నీరు గుడ్డ మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుంది. తుడుద్దామనిపించింది. నా రెండు చేతులూ పనిలో ఉన్నాయి.

నడుం లాగింది. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుని నిలబడ్డాను.

"బరువుగా ఉందా?" అంది నా వైపు చూడకుండా.

"లేదు."

"ఇంకో కాలు ఉంది."

ఆమె దించమనేదాకా దించలేదు.